చాప చంకన పెట్టుకుని శంషాబాద్‌లో ఇల్లు వెతకడం

తొమ్మిదేళ్లు దోహాలో పగలే నిద్రపోయాను. ఆ ఎడారి ఊళ్లో నాకు నచ్చిన వాటిలో మొదటిది అదే. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే షట్టర్లు కిందికి దిగేవి, వీధుల్లో పిల్లి కూడా కనిపించేది కాదు. ఎండకు భయపడి ఊరంతా తలుపులు మూసుకుంటే, రాత్రంతా విమానాలకు భోజనాలు సర్దే వంటశాలలో నిలబడి వచ్చిన నాలాంటి వాళ్లకు ఆ నిశ్శబ్దం ఉచితంగా దొరికేది. ఇప్పుడు అదే పని మన విమానాశ్రయం దగ్గర దొరికింది, అదే రాత్రి డ్యూటీ. మా ఆయన కాంట్రాక్టు ముగియడానికి ఇంకొన్ని నెలలున్నాయి కాబట్టి అక్కడే ఉండిపోయాడు, నేను ముందు వచ్చేశాను. దోహాకు వెళ్లకముందు మేం శంషాబాద్‌లోనే కాపురం ఉన్నాం. తెలిసిన ఊరే కదా, నాలుగు రోజుల్లో ఇల్లు చూసుకుంటానని ధీమాగా విమానం దిగాను. మేం అద్దెకున్న ఇల్లు ఇప్పుడు ఒక ఫంక్షన్ హాలుకు పార్కింగ్ అయింది. నా ధీమా అక్కడితో దిగిపోయింది.

మూడు వారాలు ఆరాంఘర్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో ఉన్నాను. పాపం, ఆమె మనసు మంచిదే. కానీ ఇల్లు చౌరస్తాకు ఆనుకుని ఉంది. లారీల హారన్లు, బస్సుల బ్రేకులు, ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఎప్పుడూ ఆరని టీవీ. కళ్లు మూతపడే సమయానికి ఎవరో ఒకరు "అత్తా, పండుకున్నవా?" అని అడిగేవారు. పడుకున్న మనిషిని లేపి పడుకున్నావా అని అడిగే అలవాటు మన దగ్గరే చూశాను. మూడో వారంలో ఒక రాత్రి డ్యూటీలో నిలబడే కునుకు తీశాను. చేతిలో ఓవెన్ నుంచి తీసిన ట్రే ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. ఆయింట్‌మెంట్ రాస్తూనే మా సూపర్‌వైజర్, ఇంకొకసారి ఇలా జరిగితే ఉద్యోగం ఖాయం చేయడం కష్టమని మెత్తగా చెప్పింది. అంటే వెంటనే నిద్రపట్టే ఇల్లు దొరక్కపోతే నా ఉద్యోగం పోయినట్టే. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి విమానాశ్రయం చుట్టుపక్కల ఇల్లు చూసుకోవాలనుకునేవాళ్లు, ముఖ్యంగా రాత్రి పనిచేసేవాళ్లు, నాలా తిప్పలు పడకూడదని ఇది రాస్తున్నాను.

మంగళవారం నాకు సెలవు. సోమవారం రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున్నే కంపెనీ బండిలో శంషాబాద్ బస్టాండు దగ్గర దిగాను. చాయ్ తాగి, పక్కన ప్లాస్టిక్ సామాన్ల కొట్లో నూటయాభై పెట్టి ఒక చాప కొన్నాను. ముందే ఫోన్ చేసి రమ్మన్న యాదగిరి తన ఆటోతో అక్కడే ఉన్నాడు. ఆటో నడుపుతూనే కిరాయి ఇళ్లు కూడా చూపిస్తాడు, ఇల్లు కుదిరితే సగం నెల కిరాయి కమిషన్. రోజంతా తిప్పడానికి పన్నెండు వందలు, మధ్యాహ్నం భోజనం నా ఖర్చు అని మాట్లాడుకున్నాం. చంకలో చాప చూసి అతనికి అనుమానం వచ్చింది.

"చాప ఎందుకక్కా, ఇంకా ఇల్లే సూడలే."

"ఇంట్ల పండుకొని సూస్త. సప్పుడు వస్తదా రాదా తెల్వాలె కదా."

"ఇల్లు సూసేటోళ్లు నల్లా తిప్పి సూస్తరు, కిటికీ తీసి సూస్తరు. పండుకునుడేందక్కా?"

నేను నల్లా తిప్పి చూసే రోజులు దాటిపోయాయి. నిజానికి ఇంటిని మధ్యాహ్నం చూడాలని నా ఆలోచన. కానీ ఒక్క రోజులో మూడు చోట్లు తిరగాలి కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టక తప్పలేదు. దీనికి తోడు మా ఆయన దోహా నుంచి వాట్సాప్‌లో తన షరతులు పంపాడు. తలుపు తూర్పు ముఖం ఉండాలి. దక్షిణం ముఖం మాత్రం వద్దే వద్దు. పాలు పొంగించేది గురువారం నాడే. నా నిద్ర గురించి అందులో ఒక్క ముక్క లేదు.

మొదటి ఇల్లు శంషాబాద్‌లోనే, బస్టాండు వెనక గల్లీలో, రెండో అంతస్తు. కిరాయి పదకొండు వేలు, రెండు నెలల అడ్వాన్సు. తూర్పు తలుపు, గాలీ వెలుతురూ, ఏ లోపమూ లేదు. ఓనరు సారు పెద్దమనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "విమానాల సప్పుడు జర ఉంటదమ్మా, నాలుగు రోజులైతే అలవాటైతది," అన్నాడు. విమానాల మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. ఏ విమానం ఎప్పుడు లేస్తుందో దానికి మేం సర్దిన ఇడ్లీలను బట్టి చెప్పగలను. చాప పరిచి, దుపట్టా ముఖం మీద కప్పుకుని పడుకున్నాను. ఒక విమానం పోయింది, నాకు హాయిగానే ఉంది. ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి. ముందు చెత్త బండి పాట పాడుకుంటూ వచ్చి మా కిందే ఆగింది. అది కదలకముందే ఉల్లిగడ్డల ఆటో వచ్చింది. మైకులో రికార్డు చేసిన గొంతు, అలుపు లేకుండా ఒకటే మాట తిప్పితిప్పి చెబుతోంది. అది గల్లీ చివరకు పోయి, తిరిగి వచ్చి, మళ్లీ పోయింది. కొనేవాళ్లు ఒక్కరూ బయటికి రాలేదు. ఇంతలో కింద ఉన్న పిండి గిర్నీ మొదలైంది, నేల అదరడం నా వీపుకు తెలిసింది. కళ్లు తెరిచి చూస్తే ఓనరు సారు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తూ యాదగిరిని గుసగుసగా అడుగుతున్నాడు.

"ఆమెకు పానం బాగలేదా?"

"బాగనే ఉంది సార్. గట్లనే సూస్తది ఆమె."

గిర్నీ గురించి ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, "గిర్నీ దగ్గర్ల ఉంటె మంచిదే కదమ్మా, పిండి పట్టిచ్చుకోవచ్చు," అన్నాడు. చాప చుట్టుకుని మెట్లు దిగాను.

రెండో ఇల్లు సాతంరాయిలో. శంషాబాద్ నుంచి బెంగళూరు హైవే మీద ఆరాంఘర్ వైపు వెళ్తుంటే మధ్యలో వస్తుంది. దూరం తక్కువే. కానీ మనకు కావాల్సిన గల్లీ ఎప్పుడూ రోడ్డుకు అవతలి వైపే ఉంటుంది కాబట్టి ముందుకు పోయి, తిరగడానికి దారి వెతుక్కుని, వెనక్కి రావాలి. ఆ తిరుగుడులోనే అరగంట పోయింది. అయినా ఆ అపార్ట్‌మెంట్ చూశాక కోపం తగ్గింది. కొత్తది, హైవేకు బాగా లోపల, మూడో అంతస్తు, వెనక ఖాళీ ప్లాట్లు. పదమూడు వేలు చెప్పారు. తలుపులు మూసి పడుకున్నాను. ఏ శబ్దమూ లేదు. ఒళ్లు తేలికైంది, దోహాలో పరదాలు వేసుకున్న గది గుర్తొచ్చింది. కునుకు పట్టే లోపల తలుపు తట్టారు. ఇల్లుగలావిడ కింది అంతస్తులోనే ఉంటారట. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, మాట చాలా మర్యాదగా ఉంది.

"అయ్యో, పాలు పొంగించకుండా ఇంట్లో పడుకోవడమేమిటండీ? కొత్త ఇంట్లో ముందు పొయ్యి వెలగాలి కదా."

"నిద్ర పడుతదా లేదా సూస్తున్నమ్మా. రాత్రి డ్యూటీ నాది, పగలే పడుకోవాలె."

ఆవిడ ముఖం మారింది. "రాత్రి డ్యూటీ అంటే మీరా, మీ వారా?"

"నేనే."

"మీ వారు ఎక్కడుంటారండీ?"

చెప్పాను. మా అమ్మాయి వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోందని కూడా చెప్పాను, అడుగుతారని తెలుసు కాబట్టి. ఆవిడ నాకు బాధ కలగకుండా చెప్పాలని చాలా కష్టపడ్డారు. "మీరేమీ అనుకోకండి. సంధ్యవేళ దీపం పెట్టాల్సిన ఆడమనిషి ఇంట్లో నిద్రపోతుంటే ఆ ఇంటికీ మంచిది కాదు, మాకూ మంచిది కాదు. పైగా రాత్రి వెళ్లి పొద్దున రావడమంటే మిగతావాళ్లు నాలుగు మాటలంటారు. ఫ్యామిలీతో వచ్చాక చూద్దాం లెండి."

ఒళ్లు మండింది. దోహాలో ఏడు దేశాల వాళ్లతో ఒకే కారిడార్‌లో ఉన్నాను, నేను ఎప్పుడు పడుకుంటానని ఒక్కరూ అడగలేదు. నా ఊరికొచ్చాక నా నిద్రకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. "ఆరున్నరకు లేచి దీపం నేనే పెడతానమ్మా," అన్నాను చివరికి, నా గొంతులో ఆ బతిమాలడం నాకే నచ్చలేదు. ఆవిడ నవ్వి తల అడ్డంగా ఊపారు. ఆటో ఎక్కి కొంత దూరం పోయాక యాదగిరి తన బాధ తాను చెప్పుకున్నాడు. "పండుకోకుండ ఉంటె ఇల్లు అయిపోతుండె అక్కా."

పన్నెండు దాటాక హైవే పక్కన ఒక మెస్సులో భోజనానికి ఆగాం. ప్లేటు నూటపది, కూర మళ్లీ అడిగితే పెడతారు. బాగా తింటే అక్కడే బల్ల మీద వాలిపోతానని భయం వేసి పప్పూ చారూ మాత్రమే కలుపుకున్నాను. వంటామె వచ్చి నా పళ్లెం చూసి, "ఏందక్కా, కూర మంచిగలేదా?" అని నొచ్చుకుంది. కూర బాగుందనీ నిద్ర లేదనీ చెప్పాను. "గా నిద్ర ఎవలకున్నదక్కా," అని పెరుగు వేసి వెళ్లింది. సరిగ్గా అప్పుడే మా ఆయన వీడియో కాల్ చేశాడు.

"సాతంరాయి ఇల్లు తూర్పేనా?"

"తూర్పే. కని వాళ్లు మాకు ఇయ్యరంట."

"నువ్వేమన్న లొల్లి జేసినవా?"

ఫోన్ కట్ చేసి చేయి కడుక్కున్నాను. కాలిన చోట నీళ్లు తగిలి చురుక్కుమంది. ఇంటికి పోయి ఏడవాలనిపించింది. కానీ ఆ ఇల్లు ఆరాంఘర్‌లో ఉంది, అక్కడ ఏడవడానికి కూడా జాగా లేదు.

మూడో ఇల్లు హిమాయత్ సాగర్ ఊళ్లో. శంషాబాద్ దాకా వెనక్కి వచ్చి, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు పట్టుకుని వెళ్లాలి. మామూలుగా అరగంటలోపు దారి. పైపులైను కోసం ఒక పక్క తవ్వి పెట్టారు, రెండో పక్కన మట్టి లారీలు నిలబడ్డాయి, కాబట్టి మాకు ముప్పావుగంట పట్టింది. ఒక్కో గుంతకూ నా తల ఆటో రాడ్డుకు తగులుతుంటే యాదగిరి వెనక్కి తిరిగి, "జర పట్టుకొని కూసో అక్కా," అంటున్నాడు. ఇల్లు పరవాలేదా అని అడిగితే, "ఇల్లు మంచిదే. దూరమని ఎవలు తీసుకుంటలేరు," అన్నాడు. ఇంత దూరం, ఇంత దుమ్ము, అదీ ఎవరూ తీసుకోని ఇల్లు. ఆ నిమిషంలో నా ఊరి మీద నాకు మిగిలిన ప్రేమ చాలా తక్కువ.

ఇల్లుగలామె పేరు బాలమణి. యాదగిరి ముందే ఫోన్ చేశాడు కాబట్టి మా కోసమే వాకిట్లో కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. ఊరి చివర ఆకుకూరల మళ్లు, వాటిని ఆనుకుని ఒక గల్లీ, గల్లీలో ఎనిమిదో పదో ఇళ్లు. ఆమె ఇంటి వెనక భాగంలో రెండు గదులు, వేరే వాకిలి, పక్కన బర్రె కొట్టం. ఏడు వేలు. తలుపు చూడగానే దిక్కు అర్థమైంది. సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. దక్షిణమే. మా ఆయన ముఖం కళ్లముందు కదిలింది. అయినా అంత దూరం వచ్చాక చాప పరవకుండా పోవడం ఇష్టంలేక సంగతంతా చెప్పేశాను. రాత్రి డ్యూటీ నాదేనని, ఆయన దోహాలో ఉన్నాడని, సాయంత్రం దాకా పడుకుంటానని, ఇప్పుడు కాసేపు పడుకుని చూస్తానని. ఎలాగూ కాదంటుంది, త్వరగా అనిపించుకుని పోదామని.

బాలమణి నా చాప చూసి, నా చేయి చూసి, "పాలు పొంగియ్యకుండ ఎట్ల పండుకుంటవు బిడ్డా," అంది.

మళ్లీ అదే మాట వచ్చింది అనుకున్నాను. "సరే పెద్దమ్మా, పోతం మరి," అని చాప ఎత్తాను.

"పొమ్మన్ననా? ఆగు." ఆమె లోపలికి పోయి చిన్న స్టవ్వు, గిన్నె, చెంబులో పాలు పట్టుకొచ్చింది.

నేను కంగారుపడ్డాను. పాలు పొంగిస్తే ఇంట్లో చేరినట్టే కదా. "నేను ఇల్లు తీసుకుంటనని ఇంక చెప్పలే పెద్దమ్మా. మా ఆయనను అడగాలె. అదీగాక ఇయ్యాల మంగళారం."

"మంగళారం బర్రె పాలు ఇయ్యలేదా? ఇచ్చింది కదా," అంటూ స్టవ్వు వెలిగించింది. "ఇల్లు నచ్చితె ఉండు. నచ్చకుంటె గవే పాలతోని చాయ్ పెట్టుకొని తాగుదం. ఊకె పండుకుంటె మాత్రం నా మనసొప్పది."

వాదించే ఓపిక లేదు. పాలు పొంగాయి. ఆమె చేతులు జోడించింది, నేనూ జోడించాను. ఆటోలోంచి యాదగిరి కూడా జోడించాడు, అతని కమిషన్ కోసం అయి ఉంటుంది. తలుపు దగ్గరగా వేసి చాప మీద ఒరిగాను. ఉల్లిగడ్డల ఆటో కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఇక్కడ ఎప్పుడొస్తుందో చూద్దామని. అంతవరకే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి గది మసకగా ఉంది. ఎక్కడున్నానో అర్థం కాలేదు. కల వచ్చింది, దాన్లో ఏదో నవ్వొచ్చే సంగతి ఉంది. మూడు వారాల్లో మొదటి కల. చాప మీద కూర్చుని ఏడ్చేశాను, సిగ్గేమీ పడలేదు. తర్వాత కిటికీలోంచి చూసి ఉలిక్కిపడ్డాను. పొద్దుగూకింది. దీపం పెట్టే వేళంతా నిద్రలోనే గడిచింది, అదీ పాలు పొంగించిన మొదటి రోజే. గబగబా తలుపు తీస్తే గడప పక్కన మట్టి ప్రమిద వెలుగుతోంది. బాలమణి వాకిట్లో తోటకూర కట్టలు కడుతూ కూర్చుంది.

"దీపం నేనే పెట్టిన. నిన్ను లేపబుద్ధి కాలే," అంది.

"ఇంత సేపు ఏ సప్పుడు రాలేదేంది పెద్దమ్మా? కూరగాయల ఆటో గిట్ల రాలేదా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మా గల్లీకి కూరగాయలు అమ్మేటోడు ఎవడొస్తడు బిడ్డా? అందరివి ఆకుకూరల మళ్లే. పొద్దుగాల మూడు గంటలకు లేసి కోసి మార్కెట్‌కు పోతం. పదకొండుకు వచ్చి తింటం. ఒంటిగంట కాంగనే అందరం పండుకుంటం. నాలుగైతె గని తలుపులు తీయరు, తీసినంక మళ్లల్లకే పోతరు. కొత్తోళ్లు వస్తె ఏందీ ఊరు సచ్చినట్టుందని తిడుతరు. కిరాయికి ఎవలు నిలుస్తలేరు."

ఒంటిగంటకు తలుపులు మూసి నాలుగింటికి తెరిచే గల్లీ కోసం నేను శంషాబాద్ అంతా తిరిగాను. అది దోహాలోనే ఉంటుందనుకున్నాను. ఈ ఊరివాళ్లు రోజూ మళ్లలో తోటకూరతో పాటు ఆ నిశ్శబ్దాన్నీ పండిస్తున్నారు, దాన్ని చూసే జనం పారిపోతున్నారు.

యాదగిరి ఆటోలో కాళ్లు బయటికి చాపి నిద్రపోతున్నాడు. లేపితే మొదట తడబడి, ఆనక మూడొందలు ఎక్కువ అడిగాడు. ఇస్తానన్నాను. ఫోన్ చూస్తే మా ఆయన మిస్డ్ కాల్స్ వరసగా ఉన్నాయి. చేశాను.

"ఏమైంది పద్మా, పానం పోయినంత పనైంది నాకు."

"ఇల్లు దొరికింది."

"ఎటు మొఖం?"

"దక్కనం."

"అయితె వదిలెయ్. గురువారం దాక ఇంకోటి సూడు."

"పాలు పొంగిచ్చిన."

"ఇయ్యాల మంగళారం."

"తెలుసు."

"నన్నొక మాట అడగొద్దా?"

"అడుగుదమనే అనుకున్న. నిద్ర పట్టింది," అన్నాను. మూడు వారాలుగా రోజూ ఫోన్‌లో నా గొంతు వింటున్నవాడు ఆయనే. "ఎన్ని గంటలు పండుకున్నవ్?" అని అడిగాడు. సాయంత్రం దాకా అని చెప్పాను. "సరే. గడపకు నిమ్మకాయ కట్టు," అన్నాడు.

ఇంట్లో లోపాలు లేవని చెప్పను. కంపెనీ బండి ఊళ్లోకి రాదు, రోజూ సాయంత్రం సర్వీసు రోడ్డు దాకా నడవాలి. బోరు నీళ్లు వాడుకోవడానికే, తాగడానికి క్యాను తెప్పించుకోవాలి. మాత్ర కావాలన్నా శంషాబాద్ పోవాలి. పొద్దున డ్యూటీ నుంచి వచ్చేసరికి గల్లీ అంతా మార్కెట్‌కు పోయి ఉంటుంది, తాళం చెవి దొరక్కపోతే అడగడానికి మనిషి ఉండదు. దారిలో గుంతల మీద నా కోపం ఇంకా అలాగే ఉంది. అయినా చేరి రెండు వారాలైంది, చేతి మీద గాయం ఎండుతోంది, డ్యూటీలో మళ్లీ కునుకు రాలేదు. ఇల్లు వెతికేటప్పుడు విమానాశ్రయానికి ఎంత దూరం, కిరాయి ఎంత, తలుపు ఎటు అని అడుగుతూ తిరిగాను. చుట్టుపక్కలవాళ్లు ఎప్పుడు లేస్తారు, ఎప్పుడు పడుకుంటారని మాత్రం ఒక్కచోటా అడగలేదు. ముందే అడిగి ఉంటే రోజంతా ఆటోలో తల కొట్టుకునే పని తప్పేది. సాతంరాయి ఆవిడ మీద కోపం తగ్గిందా అంటే, పూర్తిగా తగ్గలేదు. బాలమణి రోజూ సాయంత్రం తన గడపలో దీపం పెట్టాక నా గడపలోనూ ఒకటి పెట్టి పోతుంది. నేను లేచి తలుపు తీసేసరికి అది వెలుగుతూ ఉంటుంది. అప్పుడు మాత్రం ఆ కోపం గుర్తుకురాదు.

మీరు కూడా ఇక్కడ ఇల్లు వెతుకుతుంటే నేను చెప్పేది ఒక్కటే. మీరు ఏ వేళ నిద్రపోతారో ఆ వేళకే ఇల్లు చూడటానికి వెళ్లండి, చాప తీసుకెళ్లండి. వెంట అర లీటరు పాలు కూడా ఉంచుకోండి.